మిద్దెలో మట్టిగూళ్ళు కట్టిన కందిరీగను ఏం చేయాలి?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పాత మిద్దె ఇల్లు. వానలు మొదలైనప్పటి నుంచి పడసాలలో కందిరీగలు మట్టిగూళ్ళు పెడుతున్నాయి. గవాచి పక్కన దూలానికి, వేళ్ళు పక్కపక్కన ఆనించినట్టు ఒక గూడుంది. దేవుని పటం పక్కన గోడకు చిన్నచిన్న కుండల్లాంటివి మూడు పెట్టింది. మా ఏడేళ్ళ పిల్లవాడు కర్రతో ఒక కుండ పగలగొట్టాడు. లోపల ఆరు పచ్చపురుగులు ఉన్నాయి. చచ్చినవి కావు, అలాగని నడవలేవు. ముట్టుకుంటే కొంచెం మెలికలు తిరుగుతున్నాయి. పెంకుకు లోపలి వైపు దారంలాంటి దానికి బియ్యపు నూకంత తెల్లటిది వేలాడుతోంది. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు, "అమ్మా, వాటికి నొప్పి పుడుతుందా?" అని ఒకటే అడగడం. మా అత్తమ్మేమో, కందిరీగ పురుగును తెచ్చి గూట్లో పెట్టి రొద చేస్తుంటే ఆ పురుగే కందిరీగ అవుతుంది, గూడు పగలగొడితే పాపం అంటుంది. మా ఆడబిడ్డ పురిటికి వచ్చి ఉంది, ఇంట్లో గూడు పెట్టింది కాబట్టి మగపిల్లాడే అని కూడా అంటుంది. మా ఆయన శెనక్కాయకు కొట్టే మందు తెచ్చి గూళ్ళ మీద కొడతానంటున్నాడు. పటం తీసి వేరే గోడకు పెట్టినప్పటి నుంచి ఒక కందిరీగ రెండు రోజులు అక్కడక్కడే తిరిగింది. పగబట్టిందేమో అని నాకు టెన్షన్. పోయినేడు మా పక్కింటాయనను చింతచెట్టు కింద కందిరీగలు చుట్టుకొని కుడితే ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, ముందు ఆ మందు డబ్బాకు మూత పెట్టించండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

మీ పక్కింటాయనను కుట్టినవీ, మీ గోడకు కుండలు పెట్టినదీ పేరుకు రెండూ కందిరీగలే, బతుకులు మాత్రం వేరు. చెట్టుకొమ్మకు గూడు పెట్టి, చుట్టుకొని కుట్టేవి గుంపు కందిరీగలు. అవి ఎండుకట్టెనూ బెరడునూ గీకి, నమిలి, ఎంగిలి కలిపి అట్టలాంటి దానితో గూడు కడతాయి. దగ్గరగా చూస్తే తడిసి ఆరిన నోటుబుక్కు అట్ట గుర్తుకొస్తుంది. అందులో గుడ్లు పెట్టేది ఉంటుంది, తిండి తెచ్చేవి ఉంటాయి, కావలి కాసేవి ఉంటాయి. అదొక ఊరు. ఊరి మీద రాయి పడితే ఊరంతా లేచి వస్తుంది. మీ ఇంట్లో ఒక్కో గూడు కట్టింది మాత్రం ఒక్కో ఒంటరి ఆడది. దానికి తోడు లేదు, పిలిస్తే వచ్చే మంద లేదు. గుంపులో ఒకటి చస్తే గూటిని కాపాడేవి ఇంకా ఉంటాయి. ఒంటరిదానికి ఆ లెక్క కుదరదు. అది చస్తే దాని పనంతా అక్కడితో ఆగిపోతుంది. అందుకే మీరు దగ్గరికి పోతే అది మీ మీదికి రాదు, పక్కకు తప్పుకుంటుంది. మీ పిల్లవాడు కర్రతో కుండ పగలగొట్టినా వాణ్ని కుట్టలేదు చూడండి. చేత్తో పట్టుకున్నా, ఆరేసిన చొక్కాలో దూరి నలిగినా కుడుతుంది. అంతకుమించి దానికి మీతో పని లేదు. మగవాటికైతే కొండే ఉండదు. గుడ్లు పెట్టే గొట్టమే మారి కొండి అయింది కాబట్టి అది ఆడవాటి సొత్తు.

కాబట్టి గుర్తు ఒక్కటే పెట్టుకోండి. అట్టగూడు కనిపిస్తే దూరంగా ఉండండి, పిల్లల్ని పోనివ్వకండి. మట్టిగూడైతే కంగారు లేదు.

ఇక పగ సంగతి. అది పగబట్టలేదమ్మా, ఇల్లు వెతుక్కుంటోంది. ఇలాంటి కందిరీగ గూడు మొదలుపెట్టేటప్పుడు బయటికి పోతూ పోతూ వెనక్కి తిరిగి, గూటికి ఎదురుగా అటూ ఇటూ ఊగుతూ ఎగురుతుంది. చుట్టూ ఏమున్నాయో కళ్ళతో కొలుచుకుంటుందన్నమాట. నీకో టిన్‌బెర్గెన్ అనే శాస్త్రవేత్త నెదర్లాండ్స్‌లోని ఇసుక నేలల్లో, తేనెటీగలను వేటాడే ఒక ఒంటరి కందిరీగ మీద దీన్ని తేల్చాడు. అది ఇసుకలో బొరియ తవ్వుకుంటుంది. ఆయన ఆ బొరియ చుట్టూ పైన్ కాయలు గుండ్రంగా పేర్చి, దానికి అలవాటయ్యాక, అది వేటకు పోయినప్పుడు ఆ కాయల వలయాన్ని ఒక పక్కకు జరిపాడు. తిరిగొచ్చిన కందిరీగ కాయల నడుమ వాలి వెతుక్కుంది. అసలు బొరియ పక్కనే ఉన్నా దానికి కనపడలేదు. ఇలాంటి పనులకే ఆయనకు 1973లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. మీరు చేసిందీ అదే ప్రయోగం. దానికి మీ దేవుని పటమే ఊరి మొదట్లో రచ్చబండ లాంటిది. రచ్చబండను ఎవరో ఎత్తుకెళ్ళారు, అది వచ్చి వీధి ఏదో తెలియక తిరిగింది. పటాన్ని మళ్ళీ మొదటి చోట పెట్టి చూడండి.

పిల్లవాడు పగలగొట్టిన కుండ దగ్గరికి వద్దాం. నిజానికి మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ దారానికి వేలాడే నూక. చాలామంది పచ్చపురుగుల్ని చూసి ఆగిపోతారు, మీవాడు దాన్ని కూడా చూశాడు. అదే గుడ్డు. ఆ ఆరు పురుగులు దాని కోసం తెచ్చిపెట్టిన సంగటి ముద్దలు.

ఈ కుండలు కట్టేదాన్ని కుమ్మరి కందిరీగ అనుకుందాం. ఒళ్ళు ఎర్రగోధుమ రంగు, నలుపూ పసుపూ కలిసి ఉంటాయి. నడుము దారమంత సన్నన. నాలుగేళ్ళ కిందట నేనున్న అద్దె ఇంటి వంటింటి కిటికీ ఊచ పక్కన ఒకటి గూడు మొదలుపెడితే, ఆదివారం కదా అని కుర్చీ వేసుకొని కూర్చున్నాను. మొదట అది కారుతున్న కుళాయి దగ్గర వాలి నీళ్ళు తాగింది. మట్టి అక్కడే తడిసి ఉంది, తీసుకోవచ్చు, తీసుకోలేదు. ఎగిరిపోయి, దానిమ్మ చెట్టు కింద గట్టిపడిన ఎర్రనేల మీద వాలి, తాగిన నీటిని అక్కడ కక్కి, దవడలతో గీకి జొన్నగింజంత ముద్ద చేసింది. తన పదును తానే కలుపుకుంటుంది. ఎవరో కలిపిన మట్టి దానికి పనికిరాదు. ముద్దను దవడల కింద పట్టుకొచ్చి గోడకు ఒత్తి, అప్పడాలకు పిండి సాగదీసినట్టు పట్టీలాగా సాగదీసింది. కుమ్మరి సారె తిప్పుతాడు, ఇది కుండ చుట్టూ తానే తిరుగుతుంది. మీసాల్లో ఒకటి లోపల, ఒకటి బయట పెట్టి గోడ మందం తడుముకుంటుంది. పొద్దున టిఫిన్ల వేళ మొదలైన కుండ మధ్యాహ్నం అన్నాల వేళకు పూర్తయింది. చివర్న మూతిని బయటికి వంచింది, అచ్చం నీళ్ళ కడవకు మూతి తీర్చినట్టే. ఆ మూతి వంపు ఎందుకమ్మా, కాసేపటికి తానే మూసేసేదానికి? అయినా కట్టింది. మా ఇంటావిడ "నీకంటే పనిమంతురాలు" అని పోయింది. ఎవరితో పోల్చిందో నేను అడగలేదు.

కుండ అయిపోగానే అది వేటకు పోదు. మొదట వెనక భాగాన్ని మూతిలో పెట్టి, లోపలి కప్పుకు సన్నని దారంతో ఒకే ఒక గుడ్డును వేలాడదీస్తుంది. ఆ తర్వాతే వేట. ఆకుల మీద పాకే నున్నటి పచ్చపురుగులు దానికి కావాలి. కందిచేలో, టమాటా మడిలో, పెరట్లో కరివేపాకు కొమ్మల్లో తిరిగి వెతుకుతుంది. పురుగు దొరగ్గానే కొండితో పొడిచి విషం ఎక్కిస్తుంది. ఆ విషం చంపదు, కాళ్ళూ ఒళ్ళూ కదలకుండా పడేస్తుంది. పురుగు చిన్నదైతే ఎక్కువ, పెద్దదైతే తక్కువ, లెక్క చూసుకొని కుండ నింపుతుంది. మూతి మీద ఒక ముద్ద పెట్టి మూసేస్తుంది. ఆ పిల్ల ముఖం తల్లి ఎప్పుడూ చూడదు. పక్కన ఇంకో కుండ మొదలుపెడుతుంది. కొన్ని కుండలు కట్టాక అన్నిటి మీదా కలిపి మట్టి పూసేసే రకాలు కూడా ఉన్నాయి. అప్పుడది కుండలాగా ఉండదు, ఎవరో గోడకు బురదముద్ద విసిరికొట్టినట్టుంటుంది. ఇంట్లోవాళ్ళు అదేదో మురికి అనుకొని గీకేస్తుంటారు.

చంపి పెట్టొచ్చు కదా, సగం ప్రాణంతో ఎందుకు? మన అనంతపురం ఎండలో చచ్చిన పురుగు రెండు రోజుల్లో కుళ్ళిపోతుంది, లేకపోతే ఎండి వరుగైపోతుంది. గుడ్డు పొదిగి, పిల్ల తిని పెద్దదయ్యే దాకా తిండి తాజాగా ఉండాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఆ తల్లి కనిపెట్టిన ఉపాయం అది. దారం సంగతీ అంతే. ఫ్రాన్సు దేశంలో జ్యాఁ ఆఁరి ఫాబ్ర్ అనే బడిపంతులు ఉండేవాడు, 1823లో పుట్టి 1915 దాకా బతికాడు. ఇలాంటి కుండలు పగలగొట్టి ఏళ్ళ తరబడి చూసింది ఆయన. పురుగులు పూర్తిగా కట్టెలైపోవు, ముట్టుకుంటే మెలి తిరుగుతాయి. వాటి మీద గుడ్డు పెడితే ఆ మెలికల్లో నలిగిపోతుంది. అందుకే పైనుంచి వేలాడదీత. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కూడా మొదట్లో ఆ దారం కొసన తలకిందులుగా వేలాడుతూనే కింది పురుగును కొరుకుతుందనీ, పురుగు కదిలితే పైకి ముడుచుకుంటుందనీ ఆయన రాశాడు. కాస్త బలం వచ్చాక కిందికి దిగి మిగతావన్నీ తింటుంది.

నొప్పి గురించి పిల్లవాడికి అబద్ధం చెప్పకండి. "నిద్రపోతున్నాయిలే నాన్నా" అంటే రేపు వాడే మళ్ళీ కర్ర తీసుకొని చూస్తాడు. విషం వాటిని కదలకుండా చేసిందనీ, కందిరీగ పిల్లకు అవే పాలనీ, ఆ పురుగులు మన వంకాయలను తిన్నట్టే కందిరీగ పిల్ల ఆ పురుగులను తింటుందనీ చెప్పండి. మీ ఇంట్లో కోడి కోసిన రోజు వాడు ఏం అడుగుతాడో గుర్తు తెచ్చుకోండి, ఇదీ ఆ వరసలోదే. పిల్లలు నిజానికి మనకంటే గట్టివాళ్ళు.

ఇప్పుడు మీ అత్తమ్మ మాట. ఆమెను తీసిపారేయకండి, ఎందుకంటే ఆమె చెప్పింది చాలా పాత మాట. దీన్నే భ్రమరకీటక న్యాయం అంటారు. భాగవతం పదకొండో స్కంధంలో అవధూత యదు మహారాజుకు తన 24 మంది గురువుల గురించి చెబుతాడు. వాళ్ళలో ఒకటి ఈ కందిరీగే. గోడలోని గూట్లో బంధించిన పురుగు, భయంతో కందిరీగనే తలుచుకుంటూ తలుచుకుంటూ చివరికి దాని రూపమే పొందుతుందని అక్కడ ఉంది. గమనించండి, గోడ గూడు, అందులోకి తెచ్చిన పురుగు, ఇదంతా కళ్ళతో చూసినవాళ్ళు చెప్పిందే. పురుగు లోపలికి పోవడం చూశారు. మట్టి ఒత్తేటప్పుడు వచ్చే రొద విన్నారు. మూత పడడం చూశారు. కొన్నాళ్ళకు అదే గూడు పగలగొట్టుకొని కందిరీగ రావడం చూశారు. వాళ్ళు చూసిన ఒక్కొక్కటీ నిజమే. మూత పడ్డాక లోపల ఏం జరిగిందో చూడలేదు, అంతే. మీవాడు కర్రతో ఆ మధ్య భాగాన్ని చూశాడు. పురుగు కందిరీగ అవదు, కందిరీగ పిల్లకు ఆహారం అవుతుంది. అత్తమ్మకు ఇది చెప్పేటప్పుడు ఒక మాట కలపండి. దేన్ని మనసులో నిలుపుకుంటే అదే అవుతావని చెప్పడానికి పెద్దలు తెచ్చుకున్న పోలిక అది. ఆ మాట నిలబడడానికి గోడలోని పురుగు నిజంగా మారక్కర్లేదు.

ఆ రొద మాత్రం వట్టిది కాదు. దూలానికి ఉన్న రెండో గూడు దగ్గర చెవి పెడితే మీకే వినిపిస్తుంది. అది కట్టేది ఇంకో రకం. నల్లటి ఒళ్ళు, పసుపు కాళ్ళు, పొడుగాటి పసుపు నడుము. మన దేశంలో బాగా కనిపించే ఈ రకానికి 1781లో ఫాబ్రీసియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త మద్రాసపట్నం పేరే పెట్టాడు, ఇప్పటికీ శాస్త్రంలో దాని పేరు సెలిఫ్రాన్ మద్రాసపటానమ్. కుమ్మరి కందిరీగ నీళ్ళు మోసుకుపోయి పొడిమట్టిని తడుపుకుంటే, ఇది తడిమట్టి ఉన్నచోటికే పోతుంది. మీరు బట్టలుతికే బండ కింద, బోరు పైపు కారే చోట, పశువుల తొట్టి పక్కన చూడండి, తోక పైకెత్తి, తల నేలకు ఆనించి ముద్ద చేస్తుంటుంది. ఆ ముద్దను గూటికి అంటించేటప్పుడు సన్నగా జుయ్యిమని పాడుతుంది. ఆ అదురుకు మట్టి మెత్తబడి చక్కగా పరుచుకుంటుంది. మేస్త్రీలు సెంట్రింగ్‌లో కాంక్రీటు పోసేటప్పుడు వైబ్రేటర్ పెడతారే, అదే సంగతి. మన జిల్లాలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టూ. అందుకే నాలుగు చినుకులు పడి మట్టి మెత్తబడగానే వీటికి ఊపొస్తుంది. మీ ఇంటి మీద ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు. వాన తగలని చూరు, పక్కన కాస్త బురద, చుట్టూ సాలెపురుగులు, ఇవి మూడూ ఉంటే చాలు.

సాలెపురుగులు అన్నాను కదా, ఈ నల్లది పచ్చపురుగుల జోలికి పోదు. దీని గూట్లో ఒక్కో వేలు ఒక్కో గది. ప్రతి గదినిండా సాలెపురుగులే. వాటి పరిమాణాన్ని బట్టి ఒక గదిలో ఆరేడు మొదలుకొని పదిహేను, ఇంకా పైన కూడా ఉంటాయి. ఇక్కడ గుడ్డు దారానికి కాదు, మొదట్లో తెచ్చిన ఒక సాలెపురుగు పొట్టకే అంటించి ఉంటుంది. సాలెపురుగు మెత్తటి మనిషి, మెలికలు తిరగదు కాబట్టి ఆ ధైర్యం. పిల్ల కొన్నాళ్ళు తిని, తర్వాత ముదురు గోధుమ రంగు పలచటి కాగితంలాంటి గూడు తనచుట్టూ అల్లుకొని నిద్రపోతుంది. రెక్కలొచ్చాక మట్టిని కొరికి గుండ్రటి కన్నం చేసుకొని బయటికొస్తుంది. మన వేడికి ఇదంతా ఒక నెల, నెలన్నరలో అయిపోతుంది. చలికాలం ముందు మూసిన గదులైతే నెలల తరబడి అలాగే ఉండొచ్చు.

ఇంత వేటాడే పెద్ద కందిరీగ మాత్రం మాంసం తినదమ్మా. అంత సన్నటి నడుములోంచి గట్టి తిండి కిందికి దిగదు. కొత్తిమీర పూతకొచ్చినప్పుడు చూడండి, ఆ తెల్లటి పూల మీద తేనె తాగుతూ కనిపిస్తుంది. బువ్వ పిల్లలది, నీళ్ళలాంటి తేనె తల్లిది.

మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకు పోతాను. ఎప్పుడైనా పాత ఇంట్లో, నెమలికంఠం రంగులో మెరిసే ఒక చిన్న కందిరీగ బొద్దింకను మీసం పట్టుకొని నడిపించుకుపోవడం కనిపిస్తే కొట్టకండి. అది బొద్దింకను మొదట ఛాతీలో పొడిచి ముందుకాళ్ళు కాసేపు పడిపోయేలా చేస్తుంది. తర్వాత తలలో, సరిగ్గా మెదడులో పొడుస్తుంది. దాంతో బొద్దింకకు నడిచే శక్తి ఉంటుంది, నడవాలన్న బుద్ధి ఉండదు. ముక్కుతాడు వేసిన ఎద్దులాగా కందిరీగ వెంట దాని గోతిలోకి తానే నడిచిపోతుంది. ఒంటరి కందిరీగల్లో నాకు ఒళ్ళు గగుర్పొడిచేది అదొక్కటే. మిగతావి చూస్తే ముచ్చటే.

మీ ఆయనకు చెప్పాల్సింది వేరే ఉంది. శెనక్కాయ పెట్టే రైతుకు వేరుపురుగు సంగతి నేను చెప్పక్కర్లేదు. తొలకరి పడగానే పెంకుపురుగులు భూమిలోంచి లేచి వేపచెట్లకూ, రేగుచెట్లకూ, తుమ్మలకూ పట్టి ఆకు తిని, నేలలో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలే ఆ తెల్లటి, వంకర తిరిగిన వేరుపురుగులు. పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి వాడిపోతే పీకి చూస్తే వేరు ఉండదు. ఈ వేరుపురుగులను వేటాడే ఒంటరి కందిరీగలు కూడా ఉన్నాయి. నల్లగా, ఒంటినిండా వెంట్రుకలతో, కొన్నిటికి పసుపు పట్టీలతో, చేను మీద జానెడు ఎత్తులో అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఇవి గూడు కూడా కట్టవు. మట్టిలోకి తవ్వుకుపోయి, వేరుపురుగును ఉన్నచోటే పొడిచి, దాని ఒంటి మీదే గుడ్డు పెట్టి పైకొస్తాయి. వీటి వల్లే వేరుపురుగు పోతుందని చెప్పను, అంత సీన్ లేదు. కానీ మన వైపు పనిచేసేవాళ్ళు ఎవరో తెలుసుకోవడం మంచిది. పడసాలలో కొట్టే మందు మాత్రం ఏ పురుగునూ ఆపదు. మూసిన మట్టిగదిలోకి సరిగా దిగదు. మీ గోడకూ, కింద పడుకునే పిల్లవాడికీ, పురిటికొచ్చిన ఆడబిడ్డకూ మాత్రం బాగా అంటుతుంది. చేనుకు కొట్టే మందు ఇంట్లో కొట్టేది కాదు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకుండా మీ ఆయనతో గట్టిగానే మాట్లాడండి.

సరే, గూళ్ళు ఉంచాలా, తీయాలా? పడసాలలోవి ఉంచండి. కన్నాలు చూస్తూ ఉండండి. ఒక్కో గదికి ఒక్కో గుండ్రటి కన్నం పడిందంటే లోపలిది ఎగిరిపోయినట్టే. అన్నిటికీ కన్నాలు పడ్డాక గూటిని నీళ్ళతో తడిపి, పావుగంట ఆగి, చెక్కతోనో పాత గరిటెతోనో నెడితే సున్నం లేవకుండా ఊడొస్తుంది. పొడిగా ఉన్నప్పుడు గీకితే గోడ పెచ్చు కూడా వస్తుంది. ఈ కందిరీగలు కట్టెను తొలచవు, మిద్దెను గుల్ల చేయవు. మరక తప్ప నష్టం లేదు. ఖాళీ గూళ్ళు వదిలేస్తే వాటిలో వేరేవి కాపురం పెడతాయి కాబట్టి పండగకు సున్నం కొట్టే ముందు తీసేయడమే మేలు. మళ్ళీ పెట్టకూడదనుకుంటే గవాచికి సన్నటి జాలీ కొట్టించండి. మందుల కంటే అదే పనిచేస్తుంది.

కొన్నిచోట్ల మాత్రం కన్నాల కోసం ఎదురుచూడకండి, కనిపించిన రోజే తీసేయండి. మోటారు స్టార్టర్ డబ్బా, స్విచ్ బోర్డు, ప్లగ్గు రంధ్రాలు, వాడని గ్యాస్ పొయ్యి పైపు, డ్రిప్పు లాటరల్ పైపుల తెరిచి ఉన్న కొసలు, ఎక్కడో మూలన పెట్టిన స్కూటరు సైలెన్సరు, ఇవన్నీ కందిరీగకు తయారుగా దొరికిన గొట్టాలే. కరెంటుకు సంబంధించినవైతే మెయిన్ తీశాకే చేయి పెట్టాలి. డ్రిప్పు పైపులు చుట్ట చుట్టి చీనీ చెట్ల కింద పెట్టేటప్పుడు కొసలు మడిచి కట్టేస్తే సరి. ఇంత చిన్న ముద్దతో ఏమవుతుంది అనుకోకండి. 1996 ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్‌లోని పుయెర్తో ప్లాతా నుంచి లేచిన ఒక బోయింగ్ 757 విమానం సముద్రంలో కూలి, అందులోని 189 మందీ పోయారు. వేగం కొలిచే సన్నటి గొట్టం మూసుకుపోయింది, ఇలాంటి కందిరీగే అందులో గూడు పెట్టి ఉంటుందని దర్యాప్తు చేసినవాళ్ళు అనుమానించారు. కొన్ని రోజులు ఆ గొట్టానికి తొడుగు వేయకుండా వదిలేశారట.

ఒకవేళ ఎవరినైనా కుడితే సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ పెట్టండి. తేనెటీగలాగా ఇది కొండి వదిలిపోదు, కాబట్టి పీకడానికి గిల్లుతూ కూర్చోవద్దు. వేలికి ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసేయండి. చాలావరకు అంతటితో పోతుంది. కానీ ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా సున్నం పూసి చూద్దామని ఆగకండి. అది ఒక్క కాటుకే ఒంటికి పడకపోవడం. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇది గుంపు కందిరీగకైనా, ఒంటరిదానికైనా ఒకటే.

మీ ఆడబిడ్డ సంగతి. గూడుకూ కడుపుకూ సంబంధం లేదు. పుట్టబోయేది ఎవరైనా వాళ్ళు సుఖంగా పుట్టాలి, నెలనెలా చూపించుకుంటే చాలు. అయితే ఒక తమాషా ఉంది, అత్తమ్మతో చెప్పండి, నవ్వుకుంటుంది. ఆడా మగా అన్నది తేల్చుకునే వీలు మనకు లేదు కానీ ఆ కందిరీగకు ఉంది. మగదానితో ఒకసారి కలిశాక ఆ బీజాన్ని ఒంట్లో దాచుకుంటుంది. గుడ్డు పెట్టేటప్పుడు అది కలిపితే ఆడపిల్ల, కలపకపోతే మగపిల్లవాడు. ఆడపిల్ల పెద్దగా పెరగాలి కాబట్టి ఆ గదిలో తిండి ఎక్కువ పెడుతుంది. మగవాడికి తక్కువ పెట్టి సరిపెడుతుంది. మన ఇళ్ళలో పద్ధతికి సరిగ్గా తిరగబెట్టి.

పగిలిన కుండలోని గుడ్డు ఈపాటికి ఎండిపోయి ఉంటుంది, దాని గురించి పిల్లవాణ్ని ఇంకేమీ అనకండి. వాడికి ఒక పని అప్పజెప్పండి. మిగిలిన రెండు కుండల పక్కన గోడ మీద పెన్సిలుతో ఇవాళ్టి తేదీ రాయమనండి. రోజూ బడికి పోయే ముందు ఒకసారి చూడమనండి. వాడికి ఇంకో సంగతి కూడా చెప్పండి. ఆకుపచ్చ, నీలం కలిసిన లోహంలా ధగధగ మెరిసే ఒక ఈగలాంటి కందిరీగ ఉంది. కోకిల కాకిగూట్లో గుడ్డు పెట్టినట్టు అది మట్టిగూట్లో దొంగతనంగా గుడ్డు పెట్టిపోతుంది. దాని పిల్ల ఇంటిదాని పిల్ల బదులు పెరిగి, అదే కన్నంలోంచి బయటికొస్తుంది. కాబట్టి ఆ రెండు కుండల్లోంచి వచ్చేది ఎర్రగోధుమ రంగుదా, మెరిసే పచ్చదా అన్నది కన్నం పడే రోజు దాకా తేలదు. వాడు చూసింది చూసినట్టు, తేదీతో సహా ఒక కార్డు మీద రాసి పంపమనండి.